కాఫీ లెక్కల నుంచి కెమెరా దాకా

2025 మే 23న పారిస్‌లో కన్నుమూసిన సెబాస్టియావో సల్గాడో పేరు మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలామంది విని ఉండరు. ఆయన ఫోటోల్లోని మనుషులు మాత్రం మనకు కొత్త కాదు. 1989లో ధన్‌బాద్ బొగ్గు కార్మికులనూ, ఆ దరిదాపుల్లోనే రాజస్థాన్ కాలువ పనుల్లో ఉన్న ఆడవాళ్లనూ ఆయన ఫోటోలు తీశారు. వాటిని చూస్తే డ్యాముల కోసం, కాలువల కోసం ఊళ్లు విడిచి వెళ్లిన పాలమూరు లేబర్ గుర్తుకు రాక తప్పదు.

ఆయన చదివింది ఫోటోగ్రఫీ కాదు, అర్థశాస్త్రం. 1944లో బ్రెజిల్‌లో పుట్టారు. సైనిక పాలన కారణంగా 1969లో భార్య లేలియాతో కలిసి ఫ్రాన్స్ చేరారు. తర్వాత లండన్‌లోని అంతర్జాతీయ కాఫీ సంస్థలో ఉద్యోగం. అభివృద్ధి పథకాల పనిమీద ఆఫ్రికా వెళ్లేవారు. వెంట తీసుకెళ్లింది భార్య కెమెరా. తిరిగొచ్చాక రిపోర్టు రాయడం కంటే ఫోటోలు చూసుకోవడమే ఎక్కువ తృప్తినిచ్చిందట. 1973లో మంచి జీతమున్న ఆ ఉద్యోగం వదిలేశారు. (లేలియా ఒప్పుకోకపోతే ఈ కథే లేదు.)

ఉద్యోగం వదిలినా అర్థశాస్త్రం ఆయనను వదల్లేదు. వస్తువు ఎవరి చేతుల మీదుగా తయారవుతుందన్న ప్రశ్నతోనే చెరకు, బొగ్గు, ఓడలు విరగ్గొట్టే రేవుల వెంట ఏళ్ల తరబడి తిరిగారు. ఆ ఫోటోలు 1993లో 'వర్కర్స్' పుస్తకంగా వచ్చాయి. అంతకుముందు 1984-85లో ఆఫ్రికాలోని సాహెల్ కరువు ప్రాంతాల్లో ఫ్రెంచి వైద్యుల సేవాసంస్థతో కలిసి నెలల కొద్దీ పనిచేశారు. ఆ ఫోటోల పుస్తకం ఆ సంస్థ సహాయార్థమే వచ్చింది.

అయినా ఆయన మీద ఒక విమర్శ ఉంది, అది మనల్నీ తాకుతుంది. పేరున్నవాళ్ల ఫోటో కింద పేరు వేస్తారు, పేదవాడి ఫోటో కింద దేశం పేరో పని పేరో వేసి సరిపెడతారని రచయిత్రి సుసాన్ సోన్‌టాగ్ 2003లో రాశారు. నిజమే. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో వంకరపోయిన కాళ్ల ఫోటోలు ఏళ్లుగా పత్రికల్లో చూశాం. నీళ్ల సమస్య బయటివాళ్లకు అర్థం కావడంలో వాటి పాత్ర చిన్నది కాదు. ఆ కాళ్లు ఎవరివో మనలో ఎందరికి తెలుసు?

సహాయం అందుకుంటున్నవారి ఫోటోలు పంపమని కొందరు దాతలు అడుగుతుంటారు. డబ్బు సరైన చోటికి చేరిందో లేదో తెలుసుకోవాలనుకోవడం న్యాయమే. కానీ జకాత్ తీసుకుంటున్న చేతిని ఫోటో తీసి పంచడం మాకు సమ్మతం కాదు. కుట్టు మిషన్ ఫోటో, బోరు ఫోటో వేస్తాం. మనిషి ఫోటో వేయాల్సి వస్తే ముందు ఆ మనిషిని అడుగుతాం. ఒప్పుకుంటే పేరు, ఊరు, చేసే పని కింద రాస్తాం. వద్దంటే అంతటితో సరి. లెక్కలు చూడాలనుకునే దాతల కోసం రిజిస్టర్ ఆఫీసులోనే ఉంటుంది.