ఎముకలు బయట, మెత్తలు లోపల

గ్రాండ్ కాన్ఫోర్ అనే కుర్చీ, సోఫాల శ్రేణి 1928లో పారిస్‌లో రూపుదిద్దుకుంది. వాస్తుశిల్పి లె కార్బూజియే, ఆయనకు వరుసకు సోదరుడైన పియేర్ జాన్నరే, వారి కార్యాలయంలో పనిచేస్తున్న షార్లెట్ పెరియాన్ కలిసి దీన్ని తయారుచేశారు. మొదట వచ్చింది ఒక్కరు కూర్చునే చేతుల కుర్చీ. ఇద్దరికి, ముగ్గురికి సరిపడే సోఫాలు అదే చట్రాన్ని పొడిగించి చేసినవి.

అప్పటి మామూలు సోఫాలో కర్ర చట్రం లోపల ఉండేది. దానిమీద స్ప్రింగులు, పీచు, గుర్రపు వెంట్రుకలు పరిచి, పైన గుడ్డో తోలో లాగి మేకులు కొట్టేవారు. బరువు దేనిమీద పడుతోందో కంటికి తెలిసేది కాదు. గ్రాండ్ కాన్ఫోర్ ఈ పద్ధతిని తిరగేసింది. ఉక్కు గొట్టాల చట్రం బయటికి వచ్చింది. మందపాటి తోలు మెత్తలు విడివిడిగా అందులో ఇమిడిపోయాయి. వాటిని చట్రానికి కుట్టరు, మేకులతో బిగించరు. ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ నిలుస్తాయి కాబట్టి పాడైనదాన్ని తీసి మార్చుకోవచ్చు.

ఈ ఆలోచనకు మూలం భవన నిర్మాణంలోనే ఉంది. 1914లో లె కార్బూజియే డోమ్-ఇనో అనే ఇంటి నమూనా గీశారు. అందులో బరువంతా కాంక్రీటు స్తంభాలు, శ్లాబులే మోస్తాయి. గోడలకు ఆ పని లేదు గనుక వాటిని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. పారిస్ దగ్గర పువాసీలో 1931లో పూర్తయిన విల్లా సావోయ్ ఈ సూత్రంతో కట్టిన ఇల్లే. అక్కడ స్తంభాలు చేసే పనిని సోఫాలో గొట్టాలు చేస్తాయి.

పెరియాన్ పాత్రను చాలాకాలం తక్కువ చేసి చెప్పారు. అది అన్యాయం. ఆమె తొలిసారి ఉద్యోగం అడిగినప్పుడు, మేమిక్కడ మెత్తలకు ఎంబ్రాయిడరీ చేయం అంటూ లె కార్బూజియే తిప్పి పంపారు. 1927లో పారిస్‌లోని ఆటమ్ సలోన్‌లో ఆమె లోహంతో తీర్చిదిద్దిన బార్‌ను చూశాక తానే పిలిచి చేర్చుకుని, ఫర్నిచర్ పని అప్పగించారు. 1929లో అదే సలోన్‌లో ఈ కుర్చీలు జనం ముందుకు వచ్చాయి.

గొట్టాలను వంచి అతికి, మెరుగుపెట్టడం ఖరీదైన పని. అందుకే తొలి రోజుల్లో వీటిని కొన్నవారు తక్కువ. 1965లో ఇటలీకి చెందిన కాసినా సంస్థ తయారీ చేపట్టాక ప్రపంచమంతా పేరొచ్చింది గానీ, ధర మాత్రం ఇప్పటికీ సామాన్యులకు అందదు.

జాన్నరే 1950లలో చండీగఢ్ నిర్మాణానికి వచ్చి, అక్కడి కార్యాలయాలకు కుర్చీలు గీశారు. వాటిలో ఉక్కుకు బదులు టేకు, తోలు మెత్తలకు బదులు పేము అల్లిక వాడారు. అయినా గ్రాండ్ కాన్ఫోర్ గొట్టాల్లాగే, వీటి తిరగేసిన వి ఆకారపు కాళ్లు పక్కల నుంచి బాహాటంగా కనబడుతూ కుర్చీ బరువు మోస్తాయి.