మంట పెంచినా మరిగే నీళ్లు ఇంకా వేడెక్కవెందుకు?

గిన్నెలో నీళ్లు తెర్లుతున్నప్పుడు మంట పెంచితే అవి ఇంకా వేడెక్కుతాయని చాలామంది అనుకుంటారు. థర్మామీటరు పెట్టి చూస్తే, సముద్రమట్టం ఎత్తున ఉన్న ఊళ్లో అది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. మరి పెంచిన మంట వేడంతా ఎటు పోతోంది?

నీళ్లంటే కంటికి కనిపించని అణువుల గుంపు. జాతరలో చేయీ చేయీ పట్టుకుని నడిచే పిల్లల్లా అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వేడి తగిలేకొద్దీ వాటి కదలిక జోరందుకుంటుంది. ఆ జోరుకు కొలతే ఉష్ణోగ్రత. 100 డిగ్రీలు చేరాక అందే వేడి జోరు పెంచదు, ఆ పట్టు విడిపించడానికి ఖర్చవుతుంది. పట్టు వదిలిన అణువులు ఆవిరై ఎగిరిపోతాయి.

ఈ ఖర్చు తక్కువేమీ కాదు. ఒక గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 100 కేలరీలు చాలు. అదే గ్రామును ఆవిరి చేయాలంటే మరో 540 దాకా కావాలి! ఇలా దాగి ఉండే వేడిని 18వ శతాబ్దంలో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ గుర్తించాడు. దీని పేరు గుప్తోష్ణం. ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు చేతికి తగిలిన ఆవిరి మళ్లీ నీరవుతూ ఆ వేడినంతా చర్మానికి అప్పగిస్తుంది. అందుకే అది మరిగే నీటి కన్నా ఎక్కువ కాలుస్తుంది.

ప్రెషర్ కుక్కర్ సంగతి వేరు. ఆవిరి బయటికి పోలేక లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి నీళ్లు సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. పప్పు త్వరగా ఉడికేది అందుకే. మూతలేని గిన్నెలో మరుగుతున్న పప్పుకు మంట పెంచితే నీళ్లు త్వరగా ఇగురుతాయి, గ్యాస్ వృథా అవుతుంది, అంతే.