గిగాహెర్ట్జ్ చూసి ఆగం కాకు తమ్ముడూ!

మొన్న ఆదివారం గద్వాలలోని ఒక ల్యాప్‌టాప్ షాపులోంచి మా పిన్ని కొడుకు వీడియో కాల్ చేశాడు. ఈ ఏడాదే బీటెక్‌లో చేరాడు.

"అన్నా, ఇక్కడ పాత ఐ5 ఉంది, 2.6 గిగాహెర్ట్జ్. కొత్త ఐ3 మీద 1.2 అనే ఉంది. స్పీడ్ డబుల్, రేటు సగం! పాతదే తీసుకోనా?"

వాడి జేబులో ఉన్నవి సీడు పత్తి పైసలు. పిన్ని, బాబాయి ఒక్కో పువ్వుకూ చేత్తో క్రాసింగ్ చేస్తే వచ్చినవి. "ఆగు" అన్నాను.

ఎందుకంటే పదేళ్ల కింద వనపర్తిలో నేను చేసిందీ అదే. పెద్ద నంబర్ ఉన్న ల్యాప్‌టాప్ చూపించి నాన్నతో కొనిపించాను. ర్యామ్ 4 జీబీ, లోపల హార్డ్ డిస్క్. ఆన్ చేసి, చాయ్ తాగొచ్చినా డెస్క్‌టాప్ వచ్చేది కాదు. తప్పు ఎంచింది నేనేనని నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు.

2.6 గిగాహెర్ట్జ్ అంటే ప్రాసెసర్ గడియారం సెకనుకు 260 కోట్ల సార్లు టిక్కుమంటుందని. ఒక్కో టిక్కులో ఎంత పని అవుతుందో ఆ నంబర్ చెప్పదు.

తమ్ముడికి వాళ్ల గల్లీలోని మగ్గాలతోనే చెప్పాను. "ఒక మగ్గం మీద నిమిషానికి ఎక్కువ దెబ్బలు పడతాయి, కానీ నేసేది టవల్ వెడల్పు. ఇంకోదాని మీద దెబ్బలు తక్కువ, కానీ చీర వెడల్పు. సాయంత్రానికి ఎక్కువ బట్ట ఎక్కడ తేలుతుంది?"

"చీర మగ్గం మీదనే."

కొత్త ప్రాసెసర్లు అట్లా వెడల్పైనవి. ఇంటెల్‌కూ ఈ పాఠం ఆలస్యంగానే అర్థమైంది. 2004లో పెంటియం 4ను 3.8 గిగాహెర్ట్జ్ దాకా తెచ్చింది. వేడి, కరెంటు ఖర్చు తట్టుకోలేక 4 గిగాహెర్ట్జ్ మోడల్‌ను రద్దు చేసుకుంది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో 3 గిగాహెర్ట్జ్ కూడా లేకుండానే దాన్ని దాటేసింది.

పైగా వాడు చూసిన 1.2 బేస్ స్పీడ్ మాత్రమే. ఆ ఐ3-1215యు పని పడితే 4.4 దాకా పోతుంది. 2013 నాటి ఆ ఐ5-4300ఎం ఎంత పరుగెత్తినా 3.3 దాటదు. అయితే ఏదైనా వేడెక్కితే తనే స్పీడు తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో ఫోన్ గేమ్ మధ్యలో నత్తలా మారేది అందుకే.

మరి కోర్లు? అవి మగ్గాల సంఖ్య. ఆరు మగ్గాలుంటే ఆరు చీరలు ఒకేసారి నేయొచ్చు. ఒకే చీరను ఆరింటి మీద పంచి నేయలేం కదా! కొన్ని యాప్‌లూ అంతే, ఎన్ని కోర్లున్నా ఒకదాని మీదనే బరువంతా వేస్తాయి.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. కండె అందకపోతే ఎంత చురుకైన నేతగాడైనా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. హార్డ్ డిస్క్ నుంచి డేటా రావడానికి పది మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. 2.6 గిగాహెర్ట్జ్ లెక్కన ఆ కాస్తలో 2.6 కోట్ల టిక్కులు పోయినట్టే! నా పాత ల్యాప్‌టాప్‌కు జరిగింది ఇదే. థర్డ్ ఇయర్‌లో ఎస్‌ఎస్‌డీ వేయిస్తే అదే ప్రాసెసర్‌తో లేచి కూర్చుంది.

"కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి పర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడు" అన్నాను. పాతదాంట్లో 4 జీబీ, హార్డ్ డిస్క్. కొత్తదాంట్లో 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ.

పక్క నుంచి పిన్ని అడిగింది: "నాలుగేండ్లు ఆగుతదా బిడ్డా?"

షాపులో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆ పాత ప్రాసెసర్ విండోస్ 11 అర్హత జాబితాలోనే లేదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్తదైతే చదువు అయ్యేదాకా నడుస్తుందని చెప్పాను.

మీరూ గిగాహెర్ట్జ్ పోల్చాలంటే ఒకే తరం, ఒకే రకం ప్రాసెసర్ల మధ్యనే పోల్చండి. మిగతాచోట్ల ముందు తరం, తర్వాత ర్యామ్, ఎస్‌ఎస్‌డీ చూడండి.

తమ్ముడు కొత్తదే తీసుకున్నాడు. తక్కువైన డబ్బులు నేను ఫోన్‌పే చేశాను. నాన్నకు ఎట్లాగూ బాకీ ఉన్నాను కదా!