బిట్‌కాయిన్ ఈటీఎఫ్ ఆప్షన్స్: 'జీరో కమీషన్' వెనక డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఫోన్లలో రాబిన్‌హుడ్ లాంటి ట్రేడింగ్ యాప్ కనిపించడం ఇప్పుడు మామూలే. అందులో బిట్‌కాయిన్ ఫండ్ మీద ఆప్షన్ కొంటే కమీషన్ దగ్గర సున్నా కనబడుతుంది. కానీ ఆ ఆర్డర్ వెళ్లి చేరే ఎక్స్‌చేంజ్ ఫ్రీగా నడిచే సంస్థ కాదు. ప్రతి కాంట్రాక్ట్‌కీ ఒకరి దగ్గర ఫీజు తీసుకుంటుంది, ఇంకొకరికి తిరిగి డబ్బు ఇస్తుంది. ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎవరికి ఇవ్వాలి అనేదాన్ని తరచూ మారుస్తూ ఉంటుంది కూడా. ఆ లెక్క ఎలా నడుస్తుందో, అది ట్రేడర్ జేబు మీద ఎక్కడ పడుతుందో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ముందు బేసిక్స్

2024 జనవరి 10న అమెరికా మార్కెట్ రెగ్యులేటర్ ఎస్ఈసీ స్పాట్ బిట్‌కాయిన్ ఫండ్‌లకు ఓకే చెప్పింది. మర్నాడే ట్రేడింగ్ మొదలైంది. వాటిలో పెద్దది బ్లాక్‌రాక్ వాళ్ల ఐషేర్స్ బిట్‌కాయిన్ ట్రస్ట్. మార్కెట్‌లో దీని సింబల్ ఐబీఐటీ. ఈ ఫండ్ నిజంగా బిట్‌కాయిన్ కొని దాచిపెడుతుంది. మనం కొనేది ఆ ఫండ్‌లో వాటా.

ఈ ఫండ్ మీద ఆప్షన్స్‌కి మాత్రం ఇంకొంత టైమ్ పట్టింది. నాస్‌డాక్ ఐఎస్ఈ అనే ఎక్స్‌చేంజ్‌కి 2024 సెప్టెంబర్ 20న అనుమతి దొరికింది. ట్రేడింగ్ నవంబర్ 19న మొదలైంది. మొదటి రోజే సుమారు 3.54 లక్షల కాంట్రాక్టులు చేతులు మారాయి. 2025 ఏప్రిల్‌లో ఈథర్ ఫండ్‌ల ఆప్షన్స్‌కి కూడా పచ్చజెండా ఊపారు.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఒక కాంట్రాక్ట్ అంటే 100 షేర్లు. ధర 1.50 డాలర్లు అని స్క్రీన్ మీద కనిపిస్తే మీరు కట్టేది 150 డాలర్లు. ధరలో ఒక్క సెంట్ తేడా వస్తే కాంట్రాక్ట్‌కి ఒక డాలర్ తేడా వచ్చినట్టే. ఈ ఆర్టికల్ మొత్తానికి ఇదే కీలకం.

ఒకటే ప్రోడక్ట్, 18 షాపులు

2024 చివరికి అమెరికాలో ఆప్షన్స్ ఎక్స్‌చేంజ్‌లు 18 ఉన్నాయి. వీటిలో నాస్‌డాక్ గ్రూప్‌వి ఆరు, సీబో గ్రూప్‌వి నాలుగు, మయాక్స్ గ్రూప్‌వి నాలుగు, న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌చేంజ్ గ్రూప్‌వి రెండు. బాక్స్, మెమ్‌ఎక్స్ విడిగా ఉన్నాయి. ఐబీఐటీ కాల్ ఆప్షన్‌ని వీటిలో ఏ రెండు చోట్ల కొన్నా, ఎక్స్‌పైరీ, స్ట్రైక్ ధర ఒకటే అయితే అది అచ్చంగా ఒకే వస్తువు. క్లియరింగ్ కూడా ఓసీసీ అనే ఒకే సంస్థలో జరుగుతుంది. ఒక చోట కొని ఇంకో చోట అమ్మేసుకోవచ్చు.

ఒకే మోడల్ ఫోన్‌ని పది షాపుల్లో అమ్ముతుంటే ఏమవుతుంది? ఫోన్ ఫీచర్స్ మీద పోటీ ఉండదు. బ్యాంక్ కార్డ్ ఆఫర్, క్యాష్‌బ్యాక్, ఎక్స్‌చేంజ్ బోనస్ మీదే పోటీ. ఇక్కడ కూడా అంతే. అందుకే ఆప్షన్స్ ఎక్స్‌చేంజ్‌ల ఫీజుల పట్టిక అంత చిక్కుముడిగా ఉంటుంది. అది వాళ్ల ఆఫర్ల లిస్ట్.

ఆఫర్లు ఎన్ని రకాలు?

మొదటిది మేకర్, టేకర్ తేడా. 'ఈ ధరకి కొంటా' లేదా 'ఈ ధరకి అమ్ముతా' అని ఆర్డర్ పెట్టి వెయిట్ చేసేవాళ్లు మేకర్. అప్పటికే స్క్రీన్ మీదున్న ధరని తీసుకునేవాళ్లు టేకర్. చాలా ఎక్స్‌చేంజ్‌లు టేకర్ దగ్గర ఫీజు తీసుకుని అందులో కొంత భాగాన్ని మేకర్‌కి రిబేట్‌గా ఇస్తాయి. మధ్యలో మిగిలింది ఎక్స్‌చేంజ్ ఆదాయం. కొన్ని ఎక్స్‌చేంజ్‌లు దీన్ని తిరగేసి టేకర్‌కే డబ్బు ఇస్తాయి.

రెండోది, ఆర్డర్ ఎవరిది అన్నది. సాధారణ రిటైల్ కస్టమర్, మార్కెట్ మేకర్, బ్రోకర్ సంస్థ సొంత ఖాతా... ఒక్కొక్కరికీ ఒక్కో రేటు. రిటైల్ కస్టమర్‌కి సాధారణంగా ఫీజు ఉండదు, లేదా చాలా తక్కువ. ఒక నెలలో సగటున రోజుకి 390 కంటే ఎక్కువ ఆర్డర్లు పెడితే మాత్రం మిమ్మల్ని 'ప్రొఫెషనల్' కిందకి మార్చేస్తారు, రేటు మారిపోతుంది. ఈ 390 ఎక్కడిది అంటే, ఒక ట్రేడింగ్ రోజులో ఉండే నిమిషాలు. నిమిషానికో ఆర్డర్ పెట్టేవాడు మామూలు కస్టమర్ కాదు అని అర్థం.

మూడోది సింబల్‌ని బట్టి రేటు. పెన్నీ ప్రోగ్రామ్‌లో ఉన్న ఆప్షన్స్‌లో 3 డాలర్ల లోపు ధర ఒక్కో సెంట్ చొప్పున కదులుతుంది. ఆ ప్రోగ్రామ్‌లో లేనివి 5 సెంట్ల చొప్పున. ఈ రెండు గ్రూపులకీ ఫీజులు వేరు, పెన్నీలో లేనివాటికి సాధారణంగా బాగా ఎక్కువ. ఇవి కాక ఎస్‌పీవై, క్యూక్యూక్యూ, ఐడబ్ల్యూఎం లాంటి భారీ వాల్యూమ్ ఉన్న ఫండ్‌లకు కొన్ని ఎక్స్‌చేంజ్‌లు ప్రత్యేక రేట్లు పెట్టాయి. ఐబీఐటీ లాంటి కొత్త సింబల్‌ని ఇలాంటి లిస్టులో కలపాలన్నా, తీసేయాలన్నా ఒక్క ఫైలింగ్ చాలు.

నాలుగోది వాల్యూమ్ టియర్స్. నెలకి ఇన్ని కాంట్రాక్టులు తెస్తే ఈ రేటు, ఇంకా ఎక్కువ తెస్తే ఇంకా మంచి రేటు. చాలాచోట్ల ఈ టార్గెట్‌ని సంఖ్యలో కాకుండా, దేశం మొత్తం కస్టమర్ వాల్యూమ్‌లో శాతంగా పెడతారు. ఇక్కడ ఓ తమాషా ఉంది. ఐబీఐటీ లాంటి కొత్త ప్రోడక్ట్ హిట్ అయితే దేశం మొత్తం వాల్యూమ్ పెరుగుతుంది. అప్పుడు నిన్నటి వాల్యూమ్‌తో నిన్నటి టియర్ అందుకోలేరు. రేటు పట్టికలో ఒక్క అంకె మార్చకపోయినా టార్గెట్ పెరిగినట్టే. అప్పుడు ఎక్స్‌చేంజ్ టియర్‌ని సవరించాలి, లేదంటే ఆర్డర్లు పక్క షాపుకి పోతాయి.

కొత్త ప్రోడక్ట్‌కి ఇన్సెంటివ్ ఎందుకు?

కొత్త ఆప్షన్ లిస్ట్ అయిన రోజు ఒక చిక్కు ఉంటుంది. మంచి ధరలు స్క్రీన్ మీద లేకపోతే కొనేవాళ్లు రారు. కొనేవాళ్లు రాకపోతే ధరలు పెట్టేవాళ్లకి ఆసక్తి ఉండదు. పైగా బిట్‌కాయిన్ రాత్రనక, ఆదివారమనక 24 గంటలూ తిరుగుతుంది. ఫండ్ మాత్రం అమెరికా మార్కెట్ టైమ్‌లోనే. సోమవారం ఉదయం ధర ఎక్కడ తెరుచుకుంటుందో తెలియని వస్తువుకి రోజంతా కొనుగోలు ధర, అమ్మకం ధర చూపించాలంటే మార్కెట్ మేకర్‌కి రిస్క్ ఎక్కువ. ఆ రిస్క్‌కి తగ్గ ప్రతిఫలం కావాలి.

నాస్‌డాక్ ఐఎస్ఈలో 'మార్కెట్ మేకర్ ప్లస్' అనే ప్రోగ్రామ్ ఇందుకు మంచి ఉదాహరణ. దేశంలోని అన్ని ఎక్స్‌చేంజ్‌లలో కనిపించే బెస్ట్ ధర దగ్గర ఎంత సేపు నిలబడ్డావు అన్నదే ఇక్కడ పరీక్ష. కనీసం 80 శాతం టైమ్ ఉంటే మొదటి టియర్, 85 శాతం దాటితే రెండోది, 95 శాతం దాటితే మూడోది. టియర్ పెరిగేకొద్దీ ఫీజు తగ్గుతుంది, రిబేట్ పెరుగుతుంది. ఇది ఎంత అమ్మావు అన్న లెక్క కాదు, షాపు ఎంత సేపు తెరిచి ఉంచావు అన్న లెక్క. చిన్న ట్రేడర్‌కి నిజంగా ఉపయోగపడే ఇన్సెంటివ్ ఇలాంటిదే. ఎందుకంటే మంచి ధర దగ్గర ఎక్కువమంది నిలబడితే కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య గ్యాప్ తగ్గుతుంది.

వాల్యూమ్ మీద ఇంకో తాళం కూడా ఉండేది. మొదట్లో ఐబీఐటీ ఆప్షన్స్‌లో ఒకరు ఒక వైపు 25,000 కాంట్రాక్టులకి మించి పెట్టుకోకూడదు. 2025 జులైలో ఎస్ఈసీ ఈ లిమిట్‌ని 2.5 లక్షలకి పెంచడానికి ఒప్పుకుంది. పెద్ద సంస్థలకి ఇది పెద్ద గేటు తెరిచినట్టు. వాళ్ల ఆర్డర్లు ఎవరు పట్టుకుంటారు అనేదే ఎక్స్‌చేంజ్‌ల మధ్య పోటీ.

మీ ఆర్డర్‌కే ఒక రేటు ఉంది

ఇక అసలు విషయం. రిటైల్ ఆర్డర్‌ని మీ యాప్ కంపెనీ పెద్ద ట్రేడింగ్ సంస్థలకి పంపిస్తుంది. ఆ సంస్థలు దానికి యాప్‌కి డబ్బు ఇస్తాయి. జీరో కమీషన్‌లో పెద్ద రహస్యం ఇదే. స్టాక్స్ అయితే ఆ సంస్థ ఎక్స్‌చేంజ్ బయటే ట్రేడ్ ముగించుకోవచ్చు. లిస్టెడ్ ఆప్షన్స్‌లో అది కుదరదు, ట్రేడ్ ఏదో ఒక ఎక్స్‌చేంజ్ మీదే జరగాలి. కాబట్టి ఏ ఎక్స్‌చేంజ్ ఫీజు పట్టిక తమకి లాభమో అక్కడికే ఆర్డర్ వెళ్తుంది. కొన్ని ఎక్స్‌చేంజ్‌లు అయితే మార్కెట్ మేకర్ల దగ్గర 'మార్కెటింగ్ ఫీజు' వసూలు చేసి, ఆర్డర్లు తెచ్చినవాళ్లకి ఇచ్చే పద్ధతినే పట్టికలో పెట్టేశాయి.

చాలా ఎక్స్‌చేంజ్‌లలో చిన్న వేలం కూడా ఉంటుంది. మీ ఆర్డర్‌ని సెకనులో పదో వంతు లాంటి సమయం అందరికీ చూపించి, ఇంకా మంచి ధర ఎవరైనా ఇస్తారా అని అడుగుతారు. వినడానికి బాగుంది. కానీ వేలాన్ని మొదలుపెట్టిన సంస్థకి ఫీజు తక్కువ, బయట నుంచి వచ్చి పోటీ పడేవాళ్లకి చాలాచోట్ల అంతకంటే బాగా ఎక్కువ. పోటీ పడటానికే ఎక్కువ కట్టాలంటే ఎంతమంది వస్తారు? ఈ విమర్శ చాలాకాలంగా ఉంది.

రేట్లు ఎలా మారుస్తారు?

ఎక్స్‌చేంజ్ తన ఫీజు మార్చాలంటే ఎస్ఈసీకి ఫైలింగ్ ఇవ్వాలి. 1934 నాటి సెక్యూరిటీస్ ఎక్స్‌చేంజ్ చట్టం ప్రకారం ఫీజు సహేతుకంగా ఉండాలి, అందరికీ న్యాయంగా పంచాలి, అన్యాయమైన వివక్ష ఉండకూడదు. అయితే కొత్త ప్రోడక్ట్‌కి అనుమతి కోసం నెలల తరబడి ఆగాల్సి ఉంటే, ఫీజు మార్పు మాత్రం ఫైల్ చేసిన వెంటనే అమల్లోకి వస్తుంది. నచ్చకపోతే 60 రోజుల్లోపు ఎస్ఈసీ దాన్ని సస్పెండ్ చేయవచ్చు. అంటే ముందు అమలు, తర్వాత ప్రశ్నలు.

ఈ ఫైలింగ్స్‌లో ఎక్స్‌చేంజ్‌ల వాదన దాదాపు ఒకటే ఉంటుంది: 'మా రేటు ఎక్కువైతే ఆర్డర్లు పక్క ఎక్స్‌చేంజ్‌కి పోతాయి, కాబట్టి పోటీయే మమ్మల్ని అదుపులో పెడుతుంది.' ఐబీఐటీ ఆప్షన్స్ లాంటి అందరూ అమ్మే వస్తువు విషయంలో ఇందులో నిజం ఉంది. కానీ 2024 డిసెంబర్ 2న సీబో తన సొంత బిట్‌కాయిన్ ఈటీఎఫ్ ఇండెక్స్ ఆప్షన్స్ తెచ్చింది. అవి సీబోలోనే దొరుకుతాయి. పక్కన షాపు లేదు కాబట్టి పక్క షాపు రేటు భయం కూడా తక్కువ. ఒక ఆప్షన్ ఎన్ని చోట్ల ట్రేడ్ అవుతుందో చూస్తే, దాని ఫీజు మీద ఎంత ఒత్తిడి ఉందో తెలిసిపోతుంది.

ఒక లెక్క వేద్దాం

ఊరికే ఉదాహరణకి, ఒక ఆప్షన్‌కి కొనేవాళ్లు 1.50 డాలర్లు, అమ్మేవాళ్లు 1.56 డాలర్లు చూపిస్తున్నారు అనుకోండి. మార్కెట్ ఆర్డర్‌తో కొని వెంటనే అమ్మేస్తే కాంట్రాక్ట్‌కి 6 డాలర్లు పోయినట్టే. 10 కాంట్రాక్టులైతే 60 డాలర్లు. స్క్రీన్ మీద కమీషన్ మాత్రం సున్నా. అదే గ్యాప్ 2 సెంట్లే ఉంటే పోయేది 20 డాలర్లు. యాప్ కాంట్రాక్ట్‌కి 50 సెంట్లు కమీషన్ తీసుకున్నా, కొనడానికీ అమ్మడానికీ కలిపి 10 డాలర్లే. ఫీజు కంటే గ్యాప్ ఖరీదైనది. ఎక్స్‌చేంజ్ ఇన్సెంటివ్స్ ఆ గ్యాప్‌ని తగ్గిస్తున్నాయా, లేక ఆర్డర్ తెచ్చినవాళ్ల జేబు నింపుతున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

మన దగ్గర సంగతేంటి?

ఇండియాలో క్రిప్టో ఈటీఎఫ్‌లు లేవు. ఎల్ఆర్ఎస్ కింద విదేశాలకి డబ్బు పంపి మార్జిన్ ట్రేడింగ్ చేయడం కూడా రిజర్వ్ బ్యాంక్ నిబంధనలకి విరుద్ధం. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఇవి ట్రేడ్ చేయిస్తామని ఎవరైనా చెబితే జాగ్రత్త.

ఫీజుల విషయంలో మాత్రం మనం వేరే దారి పట్టాం. ఇక్కడ కూడా ఎక్కువ టర్నోవర్ తెచ్చే బ్రోకర్‌కి ఎక్స్‌చేంజ్‌లు తక్కువ రేటు వేసేవి. కస్టమర్ దగ్గర ఎక్కువ తీసుకుని ఎక్స్‌చేంజ్‌కి తక్కువ కడితే, ఆ తేడా బ్రోకర్‌కి మిగిలేది. 2024 జులై 1న సెబీ ఒక సర్క్యులర్‌తో దీనికి బ్రేక్ వేసింది. అక్టోబర్ 1 నుంచి అందరికీ ఒకే రేటు. ఎన్ఎస్ఈలో ఆప్షన్స్‌కి లక్ష రూపాయల ప్రీమియానికి 35.03 రూపాయలుగా పెట్టారు. అమెరికాలో ఎక్స్‌చేంజ్‌ల పోటీకి ఆయుధమైన వాల్యూమ్ టియర్ మన దగ్గర లేకుండా పోయింది.

చివరిగా

అమెరికాలో ఉండి వీటిని వాడేవాళ్లు మూడు పనులు చేస్తే చాలు. ఆర్డర్ పెట్టేముందు కమీషన్ కాకుండా కొనుగోలు ధరకీ అమ్మకం ధరకీ ఉన్న గ్యాప్ చూడండి. మార్కెట్ ఆర్డర్ బదులు మధ్య ధర దగ్గర లిమిట్ ఆర్డర్ పెట్టండి. మీ బ్రోకర్ మూడు నెలలకోసారి బయటపెట్టే రూల్ 606 రిపోర్ట్ ఒకసారి తెరవండి. మీ ఆర్డర్లు ఎవరికి వెళ్తున్నాయి, దానికి యాప్‌కి ఎంత వస్తోంది అన్నది అందులో ఉంటుంది. ఫోన్ కొనేముందు స్పెసిఫికేషన్స్ అన్నీ చదువుతాం కదా, డబ్బు పెట్టే యాప్‌ విషయంలోనూ అంత ఓపిక ఉండాల్సిందే.