నీళ్లిచ్చాం సరే... ఆ తర్వాత?

ఉగాది ఇంకో పది, పన్నెండు రోజులుందనగా మా వీధిలో కన్నడం మొదలవుతుంది.

మా ఇల్లు నందికొట్కూరులో కర్నూలు - ఆత్మకూరు రోడ్డుకు దగ్గరలోనే. రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట, బిజాపూరు వైపు నుంచీ, మహారాష్ట్రలోని షోలాపూరు నుంచీ మల్లన్న భక్తులు కాలినడకన శ్రీశైలం పోయేది ఈ దారినే. మా ఊరు దాటాక ఆత్మకూరు, వెంకటాపురం. ఆపైన అంతా నల్లమల అడవి. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను... నెత్తిన మూట, చేతిలో కర్ర, బొబ్బలెక్కిన పాదాలకు గుడ్డపేలికలు. కొందరైతే కాళ్లకు పొడుగాటి కర్రలు కట్టుకుని వాటి మీదే నడుస్తారు. పెళ్లయి వచ్చిన కొత్తలో, తెల్లవారుజామున వాకిలి ఊడుద్దామని తలుపు తీసి, ఆ చీకట్లో అంతెత్తున మనుషులు కదిలిపోతుంటే చూసి, చీపురు అక్కడే పారేసి లోపలికి పరిగెత్తాను. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

ఆవిడకి ఆ పదిరోజులూ పండగే. పదిహేను రోజుల ముందే కొత్త కుండలు కొని, నీళ్లు పోసి నానబెట్టేది. వేపచెట్టు కింద ఇసుక పోసి వాటిని కుదురుగా నిలబెట్టేది. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. గ్లాసులూ గీసులూ లేవు. ఇత్తడి చెంబుతో దోసిట్లో పోయడమే.

"వాళ్లు ఊరికే పోతాండారనుకున్యావా? భ్రమరాంబ వాళ్లింటి ఆడబిడ్డ. మల్లన్న అల్లుడు. పండక్కి కూతురికి చీర, పసుపు కుంకుమ పెట్టనీకి పోతాండారు. దావలో మనిల్లు ఉండాది. నీళ్లియ్యకపోతే ఎట్లమ్మా?" అనేది.

'తవరుమనె' అంటే పుట్టిల్లని నాకు అలా వాళ్ల నోటి వెంటే తెలిసింది. డిగ్రీలో మూడేళ్లు చదివిన ఇంగ్లీషు కంటే ఆ పదిరోజుల్లో పట్టుబడిన నాలుగు కన్నడం ముక్కలే నాకిప్పటికీ గుర్తున్నాయి.

వీళ్లను టూరిస్టులంటే మా అత్తగారు ఊరుకునేది కాదు. నాకూ ఆ మాట మొదట్లో మింగుడు పడలేదు. కానీ ఎవరైతేనేం, వేలమంది ఒక్కసారిగా ఒక చిన్న ఊరి మీదుగా పోతే ఆ ఊరికి ఏమవుతుంది అన్న ప్రశ్న మొక్కుకీ షికారుకీ ఒకటే. ఈ మధ్య ఏళ్లలో జనం బాగా పెరిగారు. నడిచేవాళ్ల వెనక సామాన్లకి టెంపోలు, వాటి మీద మైకులు. మజ్జిగ పోసేవాళ్లూ పెరిగారు. వీధికొక షామియానా, ఒకచోట అన్నం, ఒకచోట పుచ్చకాయ ముక్కలు, ఒకచోట కాళ్లకు నూనె రాసి పిసికే కుర్రాళ్లు. ఆ కుర్రాళ్లను చూస్తే మాత్రం నాకు కడుపు నిండిపోతుంది. ఇంట్లో తన చొక్కా తాను ఉతుక్కోని మా పక్కింటి అబ్బాయి ఎవరో ముసలాయన పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు!

షామియానాలతో పాటే ప్లాస్టిక్కు గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు కూడా వచ్చాయి. పుణ్యం చేసుకున్నవాళ్లు రాత్రికి షామియానా విప్పుకుని వెళ్లిపోతారు. తెల్లారి ఆ గ్లాసులు ఊడ్చేది ఎవరు? మా వీధి ఊడ్చే అక్కనడిగితే, "పున్నెం వాళ్లకు, నడుము నొప్పి మాకు" అంది, చీపురు ఆపకుండానే. ఆ మాటకి సిగ్గుపడి మేం మళ్లీ చెంబుకే వచ్చేశాం. దోసిట తాగడానికి ఏ ఒక్క భక్తుడూ చిన్నతనం పడలేదు. గ్లాసు కావాలనుకున్నది వాళ్లు కాదు, మనమే.

అయితే నేనివాళ రాయాలనుకున్నది గ్లాసుల గురించి కాదు.

కొన్నేళ్ల క్రితం, ఉగాదికి నాలుగు రోజుల ముందు. ఒక తల్లీ కూతురూ చెట్టు నీడన ఆగారు. కూతురికి పదమూడో పద్నాలుగో ఉంటాయి, మా అమ్మాయి వయసే. చెంబు తీసుకుని దగ్గరికి వెళితే ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. ఆడవాళ్లు వద్దనడం నాకు కొత్తేం కాదు. మగవాళ్లు రెండు మూడు దోసిళ్లు తాగి పోతారు. ఆడవాళ్లేమో పెదాలు తడుపుకుని చాలంటారు. మొక్కేమో, ఉపవాసమేమో అనుకునేదాన్ని. ఆరోజు ఆ తల్లి నా కళ్లలోకి చూసి, చిటికెన వేలు కొద్దిగా ఎత్తి, మా పెరడు వైపు చూపించింది.

అంతే! ఇన్నేళ్లుగా నా మజ్జిగ వద్దన్న ఆడవాళ్లంతా ఎందుకు వద్దన్నారో ఆ చిటికెన వేలు చెప్పింది. తాగితే పోవాలి. పోవడానికి చోటేదీ? మగవాళ్లకు ఏ గోడైనా, ఏ తుమ్మచెట్టయినా సరిపోతుంది. మండుటెండలో, తారురోడ్డు మీద, గొంతు ఎండగట్టుకుని నడవడం ఎందుకంటే, మేం కుండలు పెట్టిన చోట మరొకటి పెట్టాలన్న ఆలోచన మాకు రాలేదు కనుక. ఆడదాన్నయి ఉండి నాకూ రాలేదు.

పెరటి తలుపు తీశాను. వాళ్లు వెళుతూ మరో నలుగురికి చెప్పినట్టున్నారు, మధ్యాహ్నానికి మా సందులో వరస. ఒకావిడ కూతురికి పెట్టబోయే చీర మూట నా చేతికిచ్చి, "జాగ్రత్త" అన్నట్టు సైగ చేసి మరీ లోపలికి వెళ్లింది. బయటికొచ్చి, ఈసారి రెండు దోసిళ్ల మజ్జిగ తాగింది!

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ మూడోరోజుకి మా బోరు బురదనీళ్లు పోసింది. మార్చి నెలలో మా ఊళ్లో బోర్ల సంగతి మీకు తెలిసిందే. ట్యాంకరు పిలిపించాం. ఆ వారంలో రెండు ట్యాంకర్లు. బాత్రూము కడుక్కోవడం నా వంతు, పనమ్మాయిని అడగడానికి నోరు రాలేదు. మా వారు ఏమీ అనలేదు గానీ ట్యాంకరు వాడికి డబ్బులిస్తున్నప్పుడు నావైపు ఒక చూపు చూశారు. ఆయన్ననడానికి లేదు. ఆతిథ్యం మంచిదే, దానికి నీళ్లెవరు మోయాలి అన్నదగ్గరే ఇంట్లోనైనా ఊళ్లోనైనా పేచీ వస్తుంది.

లాభం లేదా అంటే, ఉంది. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీలు అమ్మే ఒకామె ఈ పదిరోజుల రాబడితోనే కూతురి ఇంటర్ ఫీజు కట్టానంది. జొన్నరొట్టెలు చేసి అమ్మేవాళ్లకూ, చెప్పులు కుట్టేవాళ్లకూ చేతినిండా పని. "అయితే ఆ పదిరోజులు టమేటాలు, ఉల్లిగడ్డలు మనకే పిరమైతాయక్కా" అని ఆమే నవ్వింది. కొళాయి నీళ్లకు మామూలుగా నాలుగింటికి లేస్తుందట. ఆ రోజుల్లో రెండింటికే లేస్తుందట.

ఇదే లెక్క నాకు ఇంకోచోటా కనబడింది. మాకు దగ్గరలోనే, కొత్తపల్లి మండలంలో సప్తనదీ సంగమేశ్వరం. శ్రీశైలం జలాశయం నిండితే గుడి మునిగిపోతుంది, నీళ్లు తగ్గితే బయటపడుతుంది. జలాశయం వచ్చాక మళ్లీ మొదటిసారి బయటపడింది 2003లో. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి కలిసే చోటు. వేపకర్ర లింగం. ధర్మరాజు ప్రతిష్ఠ అంటారు. ఏడాదిలో కొన్ని నెలలే కనబడే గుడి కదా, ఫోన్లలో ఫొటోలు తిరగడం మొదలయ్యాక జనం కార్లేసుకుని వస్తున్నారు.

ఒక ఏప్రిల్లో మా పెద్దమ్మ "నన్ను తీస్కపో పాపా" అంటే వెంటబెట్టుకెళ్లాను. ఆమె పుట్టిన ఊరు ఆ నీళ్లలోనే ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు పోయాయి. 1981 ఎండాకాలంలో ఇళ్లు కూలగొట్టి ఖాళీ చేయించినప్పుడు పెద్దమ్మకి ఇరవై దాటాయి. గుడి మెట్ల దగ్గర నిలబడి, బురద ఎండి నెర్రెలిచ్చిన నేలను చూస్తూ, "ఆడ మా చింతమాను. ఈడ బండ్ల బాట" అని చేత్తో చూపిస్తోంది. అంతలో ఒకమ్మాయి, చాలా మర్యాదగానే, "ఆంటీ, కొంచెం పక్కకి జరుగుతారా? ఫొటోలో పడుతున్నారు" అంది. పెద్దమ్మ జరిగింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, దానికెలా తెలుస్తుంది? దానికి తెలిసేలా అక్కడ ఒక రాయి మీదైనా ఆ మునిగిన ఊళ్ల పేర్లు నాకు కనబడలేదు.

అక్కడ చెట్టు కింద సోడాలు, మరమరాలు అమ్ముతున్నామెతో మాట కలిపాను. గుడి తేలిన నెలల్లోనే ఆమెకు బేరం. మునిగితే మిరపచేలకు కూలికి పోతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లే తాగనంది. సోడాల నడుమ కూర్చుని! ఎందుకని అడగలేదు. చిటికెన వేలు పాఠం నాకప్పటికే అయిపోయింది.

పడవ ఎక్కుదామా అని పిల్లలడిగితే పెద్దమ్మ ససేమిరా అంది. 2007 జనవరిలో జాతరకు పోతూ మా పక్కనే నెహ్రూనగర్ వైపువాళ్లు కృష్ణలో పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. మా ప్రాంతంలో ఆ రోజు తలుచుకోని ఇల్లు తక్కువ. నదిని చూడవచ్చేవాళ్లకి పడవంటే సరదా. మాకు లైఫ్‌జాకెట్లు ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి అన్నదే మొదటి మాట.

ఇప్పుడక్కడికి వంతెన కబురు వచ్చింది. సోమశిల - సిద్ధేశ్వరం మధ్య కృష్ణ మీద సుమారు 1,082 కోట్లతో తీగల వంతెన కడతామని 2022లో కేంద్రం ప్రకటించింది. దాని మీద అద్దాల నడకదారి కూడా ఉంటుందన్నారు. పడవ గండం తప్పుతుందంటే అంతకంటే ఏం కావాలి? హైదరాబాదు దగ్గరవుతుంది, జనం వస్తారు, కొట్లు వెలుస్తాయి. రానీ. బేలం గుహలనే చూడండి. ఒకప్పుడు చుట్టుపక్కలవాళ్లు చెత్త పోసిన చోటు. శుభ్రం చేయించి 2002లో జనానికి తెరిచాక పనులొచ్చాయి. రావడం వేరు, మోయలేనంత రావడం వేరు. ఇటలీలో వెనిస్ నగరం ఒక్కరోజు చూసిపోయేవాళ్ల దగ్గర కొన్ని రోజుల్లో ఐదు యూరోలు వసూలు చేయడం 2024 ఏప్రిల్లో మొదలుపెట్టింది. మా వీధిలో దోసిట మజ్జిగకి రుసుం పెడితే అత్తగారు పైనుంచే చెంబు విసిరేది గానీ, వెనిస్ వాళ్ల బాధ మాత్రం నాకర్థమవుతుంది.

నేనడిగేది అద్దాల దారి గురించి కాదు. వంతెన దగ్గర కొట్లు వేలానికి పెడితే ఆ సోడాల ఆమె పాట పాడగలదా? ఆమెకొక జాగా ముందే పక్కన పెడతారా? నీళ్ల కుళాయి, ఆడవాళ్లకు తలుపున్న మరుగుదొడ్డి, దాన్ని కడిగే మనిషికి జీతం... ఇవి కాగితం మీద మొదట రాస్తారా, చివరన రాస్తారా? ఇలాంటివి మాట్లాడే మీటింగుల్లో టీలు అందించే ఆడవాళ్లుంటారు. కుర్చీలో కూర్చునేవాళ్లు ఎందరుంటారో మీకూ తెలుసు.

మా వీధిలో మాత్రం కిందటేడు ఐదిళ్లవాళ్లం కలిశాం. ఒక్క బోరు మీద భారం పడకుండా రోజుకో ఇల్లు పెరటి తలుపు తీయాలని, ట్యాంకరు ఖర్చు ఐదు వాటాలని, షామియానా వేసే కుర్రాళ్లే రోజూ రెండు డ్రమ్ములు నింపాలని, బాత్రూము కడగడానికి మనిషిని పెట్టి కూలి ఇవ్వాలని. ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. ఒకావిడ "దొంగలొస్తే?" అంది. భయం నిజమే, అందుకని తలుపు దగ్గర ఎప్పుడూ ఒకరు కూర్చోవాలనుకున్నాం. మిగతావాళ్లు కుర్రాళ్ల డ్రమ్ముల మీద నమ్మకం లేదన్నారు. అది కొంతవరకు నిజమే అయింది, రెండు రోజులు నింపలేదు.

'ఆడవాళ్లకు ఇక్కడ' అని అట్టముక్క మీద కన్నడంలో రాశాం, ఫోనులో చూసి. మొదటిరోజే ఒక బిజాపూరు అవ్వ దాని ముందు ఆగి, నడుం మీద చెయ్యేసుకుని చదివి, పకపకా నవ్వింది. పక్కనున్న మనవరాలి చేత పెన్ను అడిగించి, ఒక అక్షరం కొట్టేసి, మరోటి రాయించింది. మేమేం తప్పు రాశామో ఎంతడిగినా చెప్పలేదు. ఆ అట్టముక్క అటక మీద అత్తగారి కుండల పక్కనే దాచిపెట్టాను.