బిల్లులో ఆరో వరుస

కంకిపాడులో మా బాబాయికి ఎరువుల కొట్టుంది. అరువు ఖాతా పుస్తకంలో రూపాయి తేడా వస్తే, అది తేలేదాకా ఆయనకు రాత్రి ముద్ద దిగదు. అలాంటి మనిషి క్రెడిట్ కార్డు బిల్లును మాత్రం ఏనాడూ చదవలేదు. అడుగున ఉన్న మొత్తం చూడటం, ఫోన్లో కట్టెయ్యడం, అంతే. సంక్రాంతికి వెళ్ళినప్పుడు "ఈ నెల ఎక్కువొచ్చినట్టుందిరా, ఓసారి చూడు" అని ఫోను నా చేతిలో పెట్టాడు.

ఆరో వరుసలో ఉంది. వార్షిక రుసుము 1,499 రూపాయలు. దాని కింద జీఎస్టీ 269 రూపాయల 82 పైసలు. వెరసి 1,768 రూపాయల 82 పైసలు.

విజయవాడలో షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాడు "జీవితాంతం ఫ్రీ అండి" అని ఆ కార్డు అంటగట్టాడట. ఆ మాట నిజమే, ఆ కార్డుకు రుసుము లేదు. రెండు నెలల కిందట బ్యాంకు ఆయన్ని అడక్కుండానే ఇంకో రంగు కార్డు కొరియర్‌లో పంపి, తనంతట తనే దాన్ని వాడకంలోకి తెచ్చేసింది. పాతదాని బదులు వచ్చిందనుకుని బాబాయి బీరువాలో పెట్టేశాడు. రుసుము ఈ కొత్త కార్డుది.

"పోనీలేరా, పదిహేడొందల కోసం బ్యాంకుతో గొడవెందుకు" అన్నాడు. రైతు దగ్గర రెండొందల బాకీ ఉంటే మూడుసార్లు కబురు పెట్టే మనిషి అన్న మాట ఇది. బ్యాంకు మనకు బాకీ పడుతుందన్న ఊహే మనలో చాలామందికి రాదు. ఫోన్ చేసినా "దయచేసి తీసెయ్యండి మేడమ్" అని బతిమాలతాం. వాళ్ళు "ఈ ఒక్కసారికి సగం తగ్గిస్తాం సర్" అంటే మహా సంతోషపడిపోతాం.

నిజానికి అక్కడ దయకు చోటే లేదు. క్రెడిట్, డెబిట్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్ 21న ఇచ్చిన ఆదేశాలు ఆ ఏడాది జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కార్డుదారు స్పష్టంగా ఒప్పుకోకుండా కొత్త కార్డు ఇచ్చినా, ఉన్నదాన్ని పెద్ద కార్డుగా మార్చి వాడకంలోకి తెచ్చినా, దానికి బిల్లు వేస్తే ఆ సొమ్ము వెంటనే వెనక్కివ్వాలి. అంతటితో సరిపోదు. వెనక్కిచ్చిన దానికి రెండింతలు జరిమానాగా, మారు మాట్లాడకుండా చెల్లించాలి. అంటే బాబాయికి రావలసింది 1,768 కాదు, మొత్తం 5,306 రూపాయల 46 పైసలు.

ఆ రాత్రే బ్యాంకుకు మెయిల్ రాశాం. పది వాక్యాలు లేవు. కార్డు చివరి నాలుగు అంకెలు, బిల్లు తేదీ, రుసుము ఎంత, మేం ఒప్పుకోలేదన్న మాట, ఒప్పుకున్నట్టు రుజువుంటే పంపమన్న మాట, ఎంత వెనక్కి రావాలో ఆ లెక్క. పూర్తి కార్డు నంబరు, వెనకనుండే మూడంకెలు, ఓటీపీ ఎక్కడా రాయలేదు. బిల్లు మీద ఫిర్యాదు వస్తే 30 రోజుల్లోగా వివరణ, అవసరమైతే కాగితాల రుజువులు బ్యాంకు ఇవ్వాలని అదే ఆదేశాల్లో ఉంది. కాబట్టి ఫిర్యాదు నంబరు, తేదీ రెండూ జాగ్రత్త చేసుకోవాలి. ఫోన్లో వంద మాటలు మాట్లాడినా రేపు చూపించడానికి మన చేతిలో ఏమీ మిగలదు.

తొమ్మిదో రోజున రుసుము, జీఎస్టీ తిరిగొచ్చాయి. జరిమానా ఊసు లేదు. బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఆ నిబంధన పేర్కొంటూ మళ్ళీ రాస్తే, ఇంకో రెండు వారాలకు అదీ పడింది.

ఈ ఆదేశాల్లో మన వాళ్ళకు అక్కరకొచ్చేవి ఇంకా ఉన్నాయి. గడువు పదో తేదీ అయితే పన్నెండున కట్టినవాళ్ళకు ఆలస్య రుసుము వెయ్యకూడదు. మూడు రోజులు దాటాకే వెయ్యాలి, అదీ మిగిలిన బాకీ మీదే తప్ప మొత్తం బిల్లు మీద కాదు. బాకీ ఏమీ లేని కార్డును మూసెయ్యమని అడిగితే 7 పనిదినాల్లో మూసెయ్యాలి. లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు ఇచ్చుకోవాలి. రుసుములు పెంచాలన్నా కనీసం నెల ముందు చెప్పాలి.

వడ్డీ సంగతి వేరు. ఏడాదికి 30 శాతం దాటి వడ్డీ వసూలు చెయ్యడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అందువల్ల వడ్డీ ఎక్కువన్న ఒక్క కారణంతో డబ్బు రాబట్టలేం. ఆ గోతిలో పడకుండా ఉండటమే దారి. 20,000 బిల్లుకు 'కనీస మొత్తం' అని 1,000 కట్టారనుకోండి. మిగిలిన 19,000 మీద నెలకు మూడున్నర శాతం చొప్పున 665 రూపాయల వడ్డీ, దాని మీద జీఎస్టీ దాదాపు 120. అంటే వచ్చే నెల మీరు కట్టే వెయ్యిలో అసలుకు జమయ్యేది 215 రూపాయలే. పైగా కొత్తగా కొన్న సరుకుకు వడ్డీ లేని గడువు కూడా పోతుంది. అందుకే ఒక రుసుము తప్పుగా పడిందన్న కోపంతో బిల్లు మొత్తం ఆపకూడదు. పేచీ లేనిదంతా గడువులోపల కట్టేసి, పేచీ ఉన్నదాని గురించి రాయాలి.

మనం చెయ్యని కొనుగోలు బిల్లులో కనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. మన తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసాన్ని, బ్యాంకు సమాచారం పంపిన 3 పనిదినాల్లోపు చెప్పేస్తే మన నష్టం సున్నా అని 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ చెప్పింది. మన తప్పుందని నిరూపించాల్సిన బరువు కూడా బ్యాంకుదే. అయితే కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకొద్దు, కార్డు వెనక అచ్చయి ఉన్నదానికే చెయ్యండి. దొంగ నంబర్లు పెట్టి "మీ రిఫండ్ వచ్చింది, ఓటీపీ చెప్పండి" అనేవాళ్ళ చేతిలో ఉన్నది కూడా పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

బ్యాంకు 30 రోజులైనా పలకకపోతే, పలికినా న్యాయంగా తోచకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉంది. 2021 నవంబరు 12న దేశమంతటికీ ఒకే పథకంగా మారింది. ఆన్‌లైన్లో రిజర్వ్ బ్యాంకు వారి సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు. ముందు బ్యాంకుకు రాసిన కాగితం లేకుండా వెళితే మాత్రం ఫిర్యాదు గుమ్మంలోనే ఆగిపోతుంది.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, బ్యాంకు ప్రధాన కార్యాలయం ఉన్న ముంబయికో మరో ఊరికో పోనక్కర్లేదు. 5 లక్షల లోపు వ్యవహారమైతే రుసుమూ ఉండదు. బాబాయి సంగతే చూస్తే, జిల్లాల విభజన తర్వాత బెజవాడ ఎన్టీఆర్ జిల్లాకు పోయినా, కంకిపాడు కృష్ణా జిల్లాలోనే ఉంది, జిల్లా కేంద్రం బందరు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన ఊరు అది. దేశంలో క్రెడిట్ కార్డు తెచ్చిన తొలి బ్యాంకుల్లో అదొకటి, 1981లోనే. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, బందరు రోడ్డు మీద దాన్ని ఇంకా 'మన ఆంధ్రా బ్యాంకు' అనేవాళ్ళున్నారు.

మొన్న మళ్ళీ వెళ్ళాను. బాబాయి కొట్లో గల్లాపెట్టె మీద కార్డు బిల్లు అచ్చు తీయించి పెట్టుకున్నాడు. అరువు పుస్తకంలో వేసినట్టే వరుస వరుసకూ ఎర్ర పెన్నుతో టిక్కు వేస్తున్నాడు. యూరియా బస్తా కోసం వచ్చిన రైతును కాస్త ఆగమని, కళ్ళజోడు పైకి తోసి నన్నడిగాడు: "ఒరేయ్, ఈ నూట పద్దెనిమిది దేనికంటావ్?"