కాంటా కలకాలం నిలవాలంటే



పంట పండించడం ఒక ఎత్తు, దానిని సరిగా తూచుకోవడం మరొక ఎత్తు. జనగామలో వడ్లు, మహబూబాబాదులో మిరప, భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు - సరుకు ఏదైనా కాంటా ఎక్కవలసిందే గదా! 40 కిలోల బస్తాకు 200 గ్రాముల తేడా వస్తే కంటికి ఆనదు. వంద బస్తాలకు అదే 20 కిలోలు, అంటే అర బస్తా. ఈ తేడా ప్రతిసారీ మోసం వల్లనే వస్తుందనుకోరాదు. ఆలనాపాలనా లేని కాంటా కూడా అబద్ధం చెబుతుంది.

పాతకాలపు త్రాసులో దండె, పళ్లేలు, రాళ్లు అన్నీ కళ్లెదుటే ఉండేవి. ఇప్పటి ఎలక్ట్రానిక్ కాంటాలో అసలు పనిచేసేది బల్ల కింద దాగి ఉంటుంది. దాని పేరు లోడ్ సెల్. అది ఒక లోహపు దిమ్మ. బరువు పడగానే కనిపించనంత కొద్దిగా వంగుతుంది. దానికి అతికించిన సన్నని రేకులు సాగి, వాటి విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పునే మీటరు కిలోలుగా చూపుతుంది. బరువు తీయగానే దిమ్మ మళ్లీ యథాస్థితికి రావాలి.

కనుక బస్తాను ధబీమని పడవెయ్యరాదు, మెల్లగా దించాలి. పైనుంచి పడిన బస్తా దాని బరువుకు ఎన్నో రెట్ల దెబ్బ కొడుతుంది. దిమ్మ వంగి అలాగే ఉండిపోతే కాంటా పనికిరాదు. రాత్రిపూట బల్ల మీద బస్తాలు పేర్చి ఉంచడం కూడా మంచిది కాదు.

కాంటాను గట్టి నేల మీద, నాలుగు కాళ్లూ ఆనేటట్లు పెట్టాలి. మట్టం చూపే బుడగ గుండ్రని గీత మధ్యలో నిలవాలి.

వడ్ల పొట్టు, మిరప తొడిమలు, దూది బల్ల కింద చేరి గట్టిపడితే బరువు కొంత వాటి మీద ఆగిపోతుంది. అప్పుడు తూకం తక్కువ చూపుతుంది, నష్టం రైతుది. రోజూ మెత్తని కుంచెతో దులపాలి. నీళ్లు పోయరాదు. ఎలుకలు తీగలు కొరకకుండా చూసుకోవాలి.

లారీలు తూచే పెద్ద కాంటాకూ ఇదే న్యాయం. బల్ల అంచుల్లో బొగ్గుపొడి, బురద ఇరుక్కోరాదు. గుంటలో వాననీరు నిలవకుండా కాలువ ఉండాలి. లారీ నిదానంగా ఎక్కాలి, బల్ల మీద గట్టిగా బ్రేకు వెయ్యరాదు. బల్లకు వెల్డింగు చేయవలసివస్తే ముందుగా లోడ్ సెళ్లను తీయించాలి. లేకుంటే ఆ కరెంటు వాటిగుండా పోయి కాల్చివేస్తుంది. పిడుగుల కాలంలో ఎర్తు తీగ సరిగా ఉన్నదో లేదో చూడాలి.

బస్తాల కాంటాకు రోజూ పొద్దున ఒక చిన్న పరీక్ష చెయ్యండి. ఖాళీ బల్ల సున్నా చూపాలి. ముద్రవేసిన 20 కిలోల రాయిని నడుమ ఒకసారి, నాలుగు మూలలా ఒక్కొక్కసారి పెట్టండి. అయిదుసార్లూ 20 కిలోలే రావాలి. రాకపోతే తూకం ఆపండి. కార్యకర్తలు ఈ పరీక్షను పుస్తకంలో రాయిస్తే మేలు.

2011 నాటి నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ కాంటాకు 12 నెలలకొకసారి, తూకపురాళ్లకు 24 నెలలకొకసారి తూనికలు కొలతల శాఖవారి ముద్ర పడాలి. ఆ సీలును ఎవరూ విప్పరాదు. లైసెన్సు ఉన్నవారిచేతనే బాగుచేయించి, మళ్లీ ముద్ర వేయించాలి.

సోదరులారా, బస్తా ఎక్కించే ముందు "సున్నా చూపించండి, రాయి పెట్టండి" అని అడగండి. అది తగవు కాదు, మీ హక్కు.